కుడికాలి నేత

నాగర్‌కర్నూల్,
12 జనవరి 2025

అక్కకు,

నీ ఉత్తరం అందింది. అందులో సగం మోకాలి నొప్పి గురించి, మిగతా సగం అసలు నొప్పే లేదని. ఎవరిని మభ్యపెడుతున్నావో తెలియదు గానీ నన్ను మాత్రం కాదు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లల అబద్ధాలు విన్నదాన్ని.

మొన్న నీ కోడలు మానస ఫోన్ చేస్తే మా ఆయన నా చెవి దగ్గర పెట్టాడు. విషజ్వరానికి పోయిన ఈ చెవులకు గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మనిద్దరికీ ఇక కాగితమే గతి. ఒకందుకు మంచిదే, కాగితం మీద నువ్వు నా మాటకు అడ్డం రాలేవు.

చూడక్కా, నా రెండు మోకాళ్ళూ మార్పించుకొని రెండేళ్ళయింది. నిన్న కొత్త ఇంటి మేడ మీదికి ఇరవై రెండు మెట్లు ఎక్కి, గోడలకు నీళ్ళు కొట్టి వచ్చాను. నువ్వేమో ఇంట్లో నాలుగడుగులు వేయడానికి గోడ పట్టుకుంటున్నావు. వనపర్తిలో మంచి డాక్టరు ఉన్నాడు, మా వీధిలో ఇద్దరికి చేశాడు. నువ్వు సరే అంటే చాలు. నొప్పి పోతే ఇంకో పదేళ్ళు దర్జాగా మగ్గంలో కూచుంటావు. నాది పూచీ.

ఇంకో మాట. మే ఎనిమిదిన గృహప్రవేశం పెట్టుకున్నాం. ఆ రోజు పుట్టింటి వాళ్ళు వచ్చి నాకు ఒడిబియ్యం పోసి, ఒళ్ళో చీర పెట్టాలి కదా. అమ్మా నాన్నా లేరు. బావను ఇల్లరికం తెచ్చి ఇల్లూ మగ్గమూ నీకే అప్పజెప్పి పోయారు కాబట్టి నా పుట్టిల్లంటే నువ్వే. దుకాణంలో కొన్న చీర తెస్తే ఊరుకోను. నాన్న మగ్గం మీద నీ చేత్తో నేసిందే కావాలి. వంగపండు రంగు, ఆకుపచ్చ అంచు.

నీ చెల్లెలు
వనజ


గద్వాల,
28 జనవరి

చెల్లె వనజకు,

నీ జాబు చదివి మీ బావ నవ్విండు. "మీ చెల్లె పుట్టింటి మీద కేసు ఏసినట్టే రాసింది" అన్నడు. కండ్లు సరిగ కనబడక మగ్గం మానుకున్నంక ఆయనకు నీ జాబులే కాలక్షేపం. నేను చదువుత, ఆయన తీర్పు చెప్తడు.

చీర మొదలు పెట్టిన. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టూ జరీ. నీకు చెప్పేదేమున్నది, ఇదే మగ్గం గుంతలో మనిద్దరం వంతులేసుకొని నేర్చుకున్నోళ్ళమే. గుంతలో కాళ్ళు వేలాడేసి కూచుంటే నొప్పి అంత తెలవదు. లేచేటప్పుడే ప్రాణం పోతది. కుడికాలి తొక్కుడు చెక్క మీద బరువెయ్యరాక రోజుకు మూరెడు కూడ దిగుతలేదు.

ఆపరేషన్‌కు ఒప్పుకున్న. ఫిబ్రవరి పదికి రమ్మన్నరు. నాకు భయమే. మా వీధిలో ఒకామె చేపిచ్చుకొని కాలు ఈడ్చుకుంట తిరుగుతున్నది. నీ మాట మీదనే ఒప్పుకుంటున్న, ఇది యాది పెట్టుకో.

అప్పటికి చీర ఒళ్ళు అయితది, కొంగు మిగులుతది. మానస తను కూచుంటనన్నది. వద్దన్న. ఆమెకు నేర్పవట్టి ఇంకా ఏడాది కాలేదు. ఒక చీరలో చెయ్యి మారితే బట్ట చెప్తది. కట్టుకునేటోళ్ళకు తెలవకపోవచ్చు, నీకు తెలుస్తది. నేను తిరిగొచ్చిందాక మగ్గం మీద దుప్పటి కప్పి ఉంచుమన్న.

అక్క
సుగుణ


నాగర్‌కర్నూల్,
24 ఫిబ్రవరి

అక్కా,

నిన్ను వనపర్తిలో చూసి వచ్చి వారం దాటింది. ఈ రోజు కుట్లు తీస్తామన్నారు, తీశారా? వాకర్ పట్టుకొని వరండాలో నడుస్తుంటే పక్క మంచం ఆమె నిన్ను మెచ్చుకుంది చూడు, అప్పుడు నీ మొహం చూడాల్సింది. నీ పెళ్ళినాడు కూడా అంత సిగ్గుపడలేదు.

కసరత్తు మాత్రం మానకు. నొప్పి అని కాలు చాపుకొని పడుకుంటే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత ఏడ్చినా వంగదు. నేను పళ్ళు బిగబట్టి రోజుకు మూడుసార్లు వంచాను. నొప్పి ఓర్చుకోవడంలో నువ్వు చిన్నప్పటి నుంచీ నాకంటే గట్టిదానివి.

చీరకు తొందరేమీ లేదు. నువ్వు బాగుపడితే అదే చాలు. కాకపోతే మే ఎనిమిది దాటితే మాకు కుదిరే ముహూర్తం లేదట. పత్రికలు కూడా అచ్చుకిచ్చేశాం. నిన్న మా ఆడబిడ్డ వచ్చి, మీ పుట్టింటి వాళ్ళు ఏం పెడుతున్నారని అడిగింది. మా అక్క నేస్తోందని చెప్పాను. ఆమె నాకు అర్థం కావాలని నోరు పెద్దగా తెరిచి, "మోకాలు కోసిన మనిషి ఎట్ల నేస్తది?" అంది. నీకు చెప్పాలనిపించింది, అంతే.

నీ వనజ


గద్వాల,
20 మార్చి

చెల్లె వనజకు,

నీ జాబుకు ఇన్ని దినాలు జవాబు రాయనందుకు తిట్టుకుంటున్నవేమో. మోకాలు మంచిగ వంగుతున్నది. దవాఖానలో కసరత్తు చేయించే సారు రోజూ ఒకటే పాట పాడేటోడు. "కుర్చీల కూసొని కాలు కిందికి ఏలాడెయ్యమ్మా. ఒంచు, చాపు, ఒంచు, చాపు" అని. నలభై ఏండ్ల నుంచి నేను చేస్తున్నది ఇంకేంది? ఆ మాట ఆయనతో అనలే. ఇంటికాడ నాకు నేనే ఒక కసరత్తు చూసుకున్న. దాంతోని కాలు అలవాటైతున్నది.

గాయం మొత్తం మానింది. కింది కొసకు మాత్రం గోరంత జాగ ఇంకా తడిగనే ఉన్నది. వారానికొకసారి వనపర్తి పోయి కట్టు మార్పిచ్చుకొస్తున్న. కట్టేది ఏసమ్మ అని నర్సు, ఇటిక్యాల ఆమె. చెయ్యి మెత్తన. మనల్ని మాటల్లో పెట్టి కట్టు విప్పుతది, విప్పినట్టే తెలవదు.

చీర పని నడుస్తున్నది. మానసనే కూచోబెట్టిన. నేను పక్కకు కుర్చీ ఏసుకొని చెప్తున్న. వద్దన్నదానివి ఎట్ల ఒప్పుకున్నవని అడుగుతవు. మరి నీ ఆడబిడ్డ నోరు మూయించాలె కద. కొంగు సగం దిగింది. నువ్వు పరేషాన్ కావద్దు.

అక్క
సుగుణ


వనపర్తి, దవాఖాన,
9 ఏప్రిల్

వనజకు,

మా కొడుకు తిరుపతి కాగితం తెచ్చిచ్చిండు. పండుకొని రాస్తున్న, అక్షరాలు వంకర పోతే చూసుకో.

నీకు చెప్పొద్దనుకున్న. చెప్పక తప్పుతలేదు. పోయిన నెల ఆఖరుకు జ్వరం పట్టుకున్నది. మోకాలు ఎర్రగ ఉబ్బింది, కింది కొస నుంచి చీము మొదలైంది. మొన్న మళ్ళ కోసి లోపలంత కడిగిండ్రు. డాక్టర్ రోజూ వచ్చి కాలు చూసి, "మంచిగ మానిన గాయమమ్మా, ఎట్లైంది?" అంటడు. నాకు తెల్వదంటున్న.

మీ బావకు మాత్రం అంత తెలిసినట్టే. కట్టు మార్చేకాడనే అంటిందట. ఆ ఏసమ్మ చేతులు కడుక్కోకుండ కట్టిందట. ఆయన అటు చూసిందే లేదు, ఆయన కండ్లకు గోడ కూడ సరిగ కనబడదు. తిరుపతి కూడ అదే మాట పట్టుకున్నడు. వాళ్ళతోని వాదించే ఓపిక నాకు లేదు.

చీర అయింది. తిరుపతి ఈ ఆదివారం తెచ్చిస్తడు. నీ రెండు కాళ్ళు నిన్ను మేడలెక్కిస్తున్నయి. నాకు ఒక్కటే చేసిండ్రు, అది ఇట్లాయె. నీ మాట మీద ఒప్పుకున్ననని యాది పెట్టుకొమ్మన్న. పెట్టుకున్నవా?

సుగుణ


నాగర్‌కర్నూల్,
20 ఏప్రిల్

అక్కా,

పెట్టుకున్నాను. నీ ఉత్తరం అందిన రోజు అన్నం తినలేదు. నేనే కదా నిన్ను ఆ మంచం ఎక్కించింది అనుకుంటూ కూచున్నాను. మర్నాడు తిరుపతి చీర ఇచ్చి జరిగిందంతా కాగితం మీద రాసి చూపించాడు. అప్పుడు ఏడుపు పోయి కోపం వచ్చింది.

నేను వనపర్తికి ఎప్పుడు వచ్చానో నీకు తెలియదు. నువ్వు మందు మత్తులో నిద్రపోతున్నావు. నీ మంచం దగ్గర పది నిమిషాలు నిలబడి, అక్కడ్నుంచి నేరుగా ఆఫీసు గదికి పోయాను. ఆ ఏసమ్మను పిలిపించమన్నాను. అందరి ముందూ, డాక్టరు ముందూ, రోగుల ముందూ నిలబెట్టి అడిగాను. నా చెవులకు నా గొంతు తెలియదు కదా, ఎంత గట్టిగా అరిచానో మా ఆయన తర్వాత చెప్పాడు. ఆమె తల దించుకుంది. "నేను మంచిగనే కట్టిన మేడమ్" అంది. పెదవులు చూసి తెలుసుకున్నాను. ఇంకేమీ చెప్పలేదు. తప్పు లేని మనిషైతే అంత నెమ్మదిగా ఊరుకుంటుందా?

ఫిర్యాదు రాసిచ్చి, బావ చేతా తిరుపతి చేతా సంతకాలు పెట్టించాను. వారం తిరగకుండానే ఆమెను పనిలో నుంచి తీసేశారు. నీ కాలికి నేను ఇంతకంటే ఏం చెయ్యగలను?

చీర బీరువాలో పెట్టాను, మడత విప్పలేదు. ఒడిబియ్యం చీర ఒళ్ళో పడ్డాకే విప్పాలని అమ్మ అనేది. నువ్వు వచ్చి నీ చేత్తో పెట్టాలి. కుర్చీలో మోయించైనా తెప్పిస్తాను.

నీ వనజ


వనపర్తి, దవాఖాన,
3 మే

వనజకు,

కుర్చీ పంపకు. నేను రాను.

కడిగినా చీము ఆగలేదు. పోయిన బుధవారం పెట్టిన మోకాలు తీసేసిండ్రు. దాని జాగలో మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టిండ్రు. రెండు నెలలు అట్లనే ఉంచాలెనట. చీము పూర్తిగ పోతే మళ్ళ కొత్తది పెడతరు. పోకుంటే కాలును నిటారుగ అతికిస్తరు. డాక్టర్ చాన మర్యాదగ చెప్పిండు. నేను ఒకటే అడిగిన, నిటారుగ అతికిస్తే మగ్గం గుంతలో కూచునుడు ఎట్ల అని. ఆయనకు గుంత అంటే ఏందో తెలవదు. మానస చేతులతోని చూపిచ్చింది. ఆయన నా మొహం దిక్కు చూడకుండ, "ముందు ప్రాణం నిలబడనియ్యమ్మా" అన్నడు.

ఏసమ్మ సంగతి రాసినవు. నిన్నెవరు పొమ్మన్నరు? ఆమె ఇంట్లో ఇద్దరు ముసలోళ్ళు ఆమె మీదనే ఆధారం. ఇప్పుడు కట్టు కట్టే కొత్తామె అతికిన దూదిని గుంజి తీస్తది. ఇక ఆ మాట నా దగ్గర ఎత్తకు.

తిరుపతీ మానసా వచ్చి ఒడిబియ్యం పోస్తరు. మీ బావ కూడ వస్తడు. నా పేరు చెప్పుకొని నాలుగు గింజలు ఎక్కువ పొయ్యమన్న.

సుగుణ


నాగర్‌కర్నూల్,
16 మే

అక్కా,

గృహప్రవేశం అయింది. తిరుపతీ మానసా ఒడిబియ్యం పోశారు. పోసిన వెంటనే ఆ చీర కట్టుకున్నాను. వచ్చిన వాళ్ళందరూ కొంగు పట్టుకొని మెచ్చుకున్నారు. మా ఆడబిడ్డ రెండుసార్లు చూసింది. సంతోషించాల్సింది ఇంతవరకే.

మర్నాడు పొద్దున చీర మడత పెడుతూ కొంగును కిటికీ దగ్గర మంచం మీద పరిచాను. పరిచినదాన్ని పరిచినట్టే పెట్టుకొని కూచుండిపోయాను. ఒక పేక గట్టిగా పడింది, దాని పక్కది వదులుగా. మళ్ళీ గట్టిది, మళ్ళీ వదులు. వదులుగా ఉన్న ప్రతి చోటా ఒకటో రెండో పడుగు పోగులు తప్పిపోయి పైకి తేలాయి. ఎడమ తొక్కుడుకు పడుగు బాగా తెరుచుకుంది. కుడి తొక్కుడుకు తెరుచుకోలేదు, అడ్డపోగు మోసే నాడె దారి దొరక్క పోగుల పైనుంచి పోయింది. ఇదే తప్పుకు నాన్న మనల్ని తిట్టేవాడు. మానస నేసి ఉంటే తప్పులు అన్ని వైపులా ఉండేవి. ఇక్కడ ఒక్క కుడికాలే తప్పింది. అంచు దగ్గర పట్టు మలిపిన చెయ్యి నీది, నాకు తెలుసు. ఆ కాలు కూడా నీదే.

మానస ఇంకా బయలుదేరలేదు. వంటింట్లోకి పిలిచి అడిగాను. అడ్డంగా తలూపింది, తర్వాత ఏడ్చింది. "అత్త ఒట్టు పెట్టించుకున్నది చిన్నత్తా" అంది. మార్చి పదో తారీఖు నుంచి నువ్వు గుంతలో దిగావట. బావను అరుగు మీద కూచోబెట్టి, అడిగితే మగ్గంలో ఉన్నది మానస అని చెప్పారట. ఆ గంజి నీళ్ళలో, ఆ చెమ్మలో, నెల కూడా నిండని గాయంతో.

గుంతలో దిగిన అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. పోనీ, నేను పోయి ఆమెను పదిమందిలో నిలబెట్టానని రాసినప్పుడైనా చెప్పాల్సింది. ఆ మాట ఎత్తకు అని రాశావు. నువ్వు మంచం మీద ఉండి నా చేత ఒక మనిషి పొట్ట కొట్టించావు. ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్నదాన్నని గొప్పలు చెప్పుకున్నాను. నీది పట్టుకోలేకపోయాను.

ఈ చీర నేను ఇక కట్టలేను. బస్సు పార్సిల్‌లో పంపిస్తున్నాను.

వనజ


గద్వాల,
20 జులై

వనజకు,

చీర ముట్టింది. ఒళ్ళో పడ్డ చీరను మళ్ళ పుట్టింటికి పంపినోళ్ళను నేనెక్కడా చూడలే. నేను తీసుకోను. ఇదే పార్సిల్‌లో తిరిగి పంపుతున్న. విప్పి, ముందుగాల ఈ జాబు చదువు.

అవును, దిగిన. కుర్చీలో కూచొని కాలు వేలాడేసుడు, గుంతలో కూచొని కాలు వేలాడేసుడు ఒకటే అనుకున్న. ఒక పనికి రెండు పనులైతయనుకున్న. మొదటి రోజు నొప్పి కూడ లేదు. తొక్కుడు కింద కాలు ఆడుతుంటే, ఇంతేనా, దీనికి ఇంత భయపడ్డనా అనుకున్న. కూచునేటప్పుడు మానస చంకల కింద పట్టి దింపేది, లేచేటప్పుడు పట్టి లేపేది. మార్చి ఇరవై రెండు నాడు ఆమె పొయ్యి మీద పాలు పొంగుతున్నయని ఉరికింది. నేను ఆగలే. నా అంతట నేను లేవబోయి జారిన. మోకాలు గుంత అంచుకు తగిలి కింది కొస పిగిలింది. నెత్తురు తుడిచి పసుపు అద్ది, పాత బట్ట కట్టుకున్న. ఇంకా జానెడు కొంగు ఉండె. అది అయిందాక రోజూ దిగిన. ఆ వారం కట్టు మార్పిచ్చుకునేటందుకు వనపర్తి పోలే.

నువ్వు పట్టుకున్న తప్పును నేను నేసేటప్పుడే చూసిన. విప్పి మళ్ళ నేసే శక్తి లేకుండె.

ఫిబ్రవరిలో నువ్వు రాసిన జాబు నా దగ్గరనే ఉన్నది. తొందరేమీ లేదని రాసి, దాని కింద ముహూర్తం రాసినవు, పత్రికలు రాసినవు, ఆడబిడ్డ మాట రాసినవు. నేను పైమాట చదవలే, కిందివే చదివిన. నువ్వు కూడ కిందివి చదవాలెననే రాసినవు. కాదంటే నీ కొత్త ఇంటి గడప మీద నిలబడి అను.

ఏసమ్మ సంగతి ఇది. మార్చి పదిహేడు నాడు కట్టు విప్పుతుంటే దూదికి అంటుకొని ఒక జరీ పోగు వచ్చింది. ఆమె దాన్ని వేలి మీద పెట్టుకొని నా దిక్కు చూసింది. "అమ్మా, మగ్గంల దిగినవా?" అని అడిగింది. లేదన్న. పాత చీరదన్న. ఆమె నమ్మలే. డాక్టర్‌కు చెప్తనన్నది. చెయ్యి పట్టుకొని బతిమిలాడిన. నా చెల్లె ఇంటి మర్యాద అన్న, పది దినాల్లో అయిపోతదన్న. "దిగకమ్మా, కాలు పోతది" అన్నది, డాక్టర్‌కు చెప్పలే. నువ్వు అందరి ముందట నిలబెట్టినప్పుడు కూడ చెప్పలే. నేనే చెప్తననుకొని చూసిందేమో.

నేను చెప్పలే. తప్పు నాదైతే ఇంట్లో అందరు నన్నే అంటరు. ఆమెదైతే నేను పాపం అయిత, వచ్చినోళ్ళందరు బత్తాయిలు తెచ్చి నా తల దిక్కు కూచుంటరు. నాకు అదే మంచిగనిపించింది. నువ్వు అరిచిన రోజు నేను నిద్రలో లేను. కండ్లు మూసుకొని ఉన్న. నువ్వు పోయి ఏం చేస్తవో నాకు ఎరుకనే. ఇది కూడ చదువుకో.

జులై రెండు నాడు హైదరాబాద్‌లో కాలును నిటారుగ అతికించిండ్రు. చీము పోయింది, మోకాలూ పోయింది. ఇక వంగదు. నాన్న మగ్గంలో ఇక నేను కూచోను. మానస కూచుంటున్నది. నేను గడప దగ్గర ఒక కుర్చీలో కూచొని, ఎదురుగ ఇంకో కుర్చీ మీద కాలు పెట్టుకుంట. ఆమె తొక్కుడు తప్పు పడ్డప్పుడల్లా నా కుడికాలు తొక్కబోతది. కదలదు.

దీంట్లో ఇంకో కాగితం ఉన్నది. దిగిన రోజు నుంచి జారిన రోజు దాక, జరీ పోగు సంగతితో సహ అంత రాసి సంతకం పెట్టిన. పక్కకు మానస కూడ పెట్టింది. దవాఖానకు పోస్టులో వేస్తే ఏ బల్ల కిందనో పడి ఉంటది. నువ్వు ఏసమ్మను ఏ జాగలో నిలబెట్టి అడిగినవో అదే జాగలో నిలబడి, అంతే గట్టిగ దీన్ని చదవాలె. ఆ ఆఫీసు గది మీది అంతస్తులో ఉన్నది. నేను ఎక్కలేను. నీ మోకాళ్ళు మంచిగున్నయి కద, ఇరవై రెండు మెట్లు ఎక్కుతవు. చదివినంక ఇటిక్యాల పోయి ఆమెకు చెప్పు. అడిగితే ఇల్లు చూపిస్తరు. తలుపు వేసుకుంటే తీసిందాక నిలబడు.

పోయేటప్పుడు ఈ చీర కట్టుకొని పో. కొంగు ముందటికి వేసుకో. ఆ జరీ ఆమె చూసిందే, గుర్తు పడతది.

సుగుణ